కథ నడిచే టేబుల్ వెనక ఏ సౌండ్ పెట్టాలి

పెళ్లిళ్ల సీజన్‌లో మా బాక్సులు ఊళ్లు తిరుగుతాయి. మూఢమో ఆషాఢమో వచ్చిందంటే కింద షాపులో పని తగ్గుతుంది, పైన గదిలో మా ఆట పెరుగుతుంది. నల్లగొండలో మాది మైక్ సెట్ షాపు. నాన్న గొట్టం మైకులతో మొదలుపెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పైన ఐదుగురం కూర్చుని ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు, గోడ దూకాలన్నా కత్తి దుయ్యాలన్నా ఇరవై ముఖాల డైస్ వేసి చూస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేస్తే 1974లో అమెరికాలో అచ్చయిన ఆట ఇది. మా దగ్గర కథ నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. సౌండ్ నా వృత్తి కాబట్టి, ఆటలో వెనక మ్యూజిక్ ఎట్లా పెట్టాలని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడుగుతుంటారు.

పెళ్లిలో సౌండ్ జనాన్ని లేపడానికి. ఇక్కడ అట్లా కాదు, ఈ ఆట మొత్తం మాటల్లోనే ఉంది. కాబట్టి ఏ పాట బాగుంటుందని వెతికే ముందు మాట వినపడుతుందా లేదా చూసుకోండి. నేను చేసేది చిన్న పని. మ్యూజిక్ ఆన్ చేసి, టేబుల్‌కి ఆ చివర కూర్చునే లెక్చరర్ అన్నకు మామూలు గొంతుతో ఒక అంకె చెబుతాను. ఆయన "ఎంత?" అని మళ్లీ అడిగితే సౌండ్ ఎక్కువైనట్టే. ఇది ఫ్యాన్ తిరుగుతుండగా చూడాలి. ఎండాకాలమైతే కూలర్ కూడా వేసి చూడాలి. మా ఎండలకు కూలర్ ఆపే ప్రశ్నే లేదు. దాని మోతను దాటించాలని మ్యూజిక్ పెంచితే మనుషులు అరవడం మొదలుపెడతారు, గంటలో అందరికీ తలనొప్పి. కూలర్ నడిచే రోజుల్లో నేను ముఖ్యమైన రెండు మూడు సీన్లకే మ్యూజిక్ వేస్తాను.

సౌండ్ తక్కువగానే ఉన్నా మాట వినపడకపోవడం ఇంకో ఇబ్బంది. మనిషి మాటలో అక్షరాలు విడివిడిగా తెలియడానికి 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య భాగం చాలా ముఖ్యం. వేణువు, వయొలిన్, నాదస్వరం పై స్వరాల్లో మోగితే సరిగ్గా ఆ చోటికే వచ్చి కూర్చుంటాయి. డోలు, సెల్లో కింది వైపు ఉంటాయి కాబట్టి మాటకు పెద్దగా అడ్డురావు. తంబురా శ్రుతి మారకుండా నడుస్తుంది, చెవి కాసేపటికి దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఫోన్లో ఈక్వలైజర్ (సన్నటి, మధ్య, లావు సౌండ్లను విడివిడిగా పెంచి తగ్గించేది) ఉంటే మిడ్, అంటే మధ్య భాగం, మూడు నాలుగు డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) తగ్గించండి, తేడా వెంటనే తెలుస్తుంది. బాక్స్‌ని టేబుల్ మీద పెట్టకండి. నేను బీరువా మీద, గోడ వైపు తిప్పి పెడతాను. సౌండ్ గోడకు తగిలి గదంతా పరుచుకుంటుంది, ఎవరి చెవి దగ్గరా మోగదు.

మాటలున్న పాట వద్దు. సినిమా పాటకు వీణ మీద వాయించిన ట్యూన్ కూడా వద్దే వద్దు. ఒకసారి కోట కాపలా నాయకుడు చనిపోయే సీన్‌కి అట్లాంటిదే పెట్టాను. పది సెకన్లు కాలేదు, మెడికల్ షాపు తమ్ముడి వేళ్లు టేబుల్ మీద తాళం వేస్తున్నాయి, పక్కనున్న ఇద్దరు పల్లవి అందుకున్నారు. నాయకుడి చివరి మాట ఎవరూ వినలేదు. తెలిసిన ట్యూన్ దాని సినిమాను, దాని హీరోను వెంటబెట్టుకుని వస్తుంది. మన కథకు చోటు ఉండదు.

ట్రాకులు ఎన్ని కావాలి? మొదట్లో నా ఫోన్లో నలభై ఉండేవి. వెతుకుతూ నేను తల దించుకుంటే ఆడేవాళ్లు తలెత్తి ఎదురుచూసేవారు. ఇప్పుడు ఐదే: సంత, ప్రయాణం, భయం, యుద్ధం, దుఃఖం. పేర్లు కూడా అట్లాగే మార్చి పెట్టుకున్నాను, వేలు చూడకుండా నొక్కేస్తుంది.

ఈ ఐదింటిలో ఎక్కువమంది పొరపడేది యుద్ధం దగ్గర. ఆట నియమాల ప్రకారం ఒక రౌండ్ అంటే, అందరి వంతూ ఒక్కోసారి వచ్చేసరికి, కథలో 6 సెకన్లు. ఐదు రౌండ్ల కొట్లాట అర నిమిషం అన్నమాట. టేబుల్ మీద అదే అర నిమిషానికి మాకు నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట పడుతుంది. గంటసేపు జోరు మీదున్న డ్రమ్స్ ఎవరు భరిస్తారు? మొదటి రెండు నిమిషాలు జోరుగా నడిపి, తర్వాత నెమ్మదిగా కొట్టుకునే డోలు ఒక్కటే ఉంచండి. ఎవరిదైనా పాత్ర ప్రాణం మీదికి వస్తే మొత్తం ఆపేయండి. ఆ సమయంలో ఆటగాడు తన వంతు వచ్చినప్పుడల్లా డైస్ వేయాలి. పది, అంతకన్నా పైన మూడుసార్లు పడితే ప్రాణం నిలుస్తుంది, తక్కువ మూడుసార్లు పడితే పోతుంది. మాది పాత టేకు టేబుల్. సౌండ్ ఆగాక ఆ చెక్క మీద డైస్ దొర్లే చప్పుడు, అంచు దగ్గర తడబడి నిలిచే చప్పుడు ఒక్కటే ఉంటుంది గదిలో. నా దగ్గరున్న ఏ బాక్సూ అంత పట్టు తేలేదు.

ట్రాకులు ఎక్కడ దొరుకుతాయంటే, టేబుల్‌టాప్ ఆడియో అనే సైట్లో ఈ ఆటల కోసమే చేసిన పది నిమిషాల ముక్కలున్నాయి. వాన, తలుపు, గుర్రం లాంటి విడి చప్పుళ్లకు ఫ్రీసౌండ్ ఉంది. అయితే నా కథ జరిగే కోటకు దేవరకొండ కోటే నమూనా. ఏడు గుట్టల మధ్య ఉన్న కోట గాలి వేరే దేశం రికార్డింగులో నాకు దొరకలేదు. అందుకే ఫోన్ తీసుకుని నేనే ఎక్కాను. గాలి నేరుగా మైకుకు తగిలితే బరబర తప్ప ఏమీ పడదు. చేతిరుమాలు రెండు మడతలు వేసి మైకు మీద కప్పి, బురుజు చాటుకు వెళ్లి పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే అసలు గాలి దొరికింది. మధ్యలో దూరంగా మేకల గంటలు కూడా పడ్డాయి, వాటిని తీసేయలేదు. వరదల టైంలో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన మోత ఇప్పటికీ మా కథలో జలపాతం. మీ ఊళ్లో చెరువు అలుగు పారుతుంటే చాలు, సాగర్ దాకా పోనక్కర్లేదు.

ప్రయాణానికి కిన్నెర తీగలు వాడుతున్నాను. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక 12 మెట్ల కిన్నెర గురించి చాలామందికి తెలిసింది. ఆయన పాట ఆటలో పెట్టకండి, అది ఆట ఆపేసి వినాల్సిన పాట. కిన్నెర తీగలు మాత్రమే మోగే ముక్కయితే నడకకు అచ్చంగా సరిపోతుంది.

డప్పు గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. రాజు శవాన్ని ఊరేగించే సీన్‌లో నిజంగా ఉండాలని చావు దరువు పెట్టాను. చిన్నాయన కొడుకు చేతిలో డైస్ పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. "అన్నా, అది బంద్ చెయ్యే" అన్నాడు. వాళ్ల మామ పోయి అప్పటికి మూడు నెలలు. నాకు తెలుసు, అయినా తట్టలేదు. ఆ రోజు ఆట అక్కడే ఆపేసి టీ తాగి కూర్చున్నాం. మన దగ్గర దరువుకొక అర్థం ఉంటుంది. పీర్లకు ఒకటి, జాతరకు ఒకటి, చావుకు ఒకటి. వినేవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో ఆ దరువుకు తెలియదు, మనకు తెలియాలి. అప్పటినుంచి కొత్త ట్రాక్ ఏదైనా ఆటకు ముందు అందరికీ ఒక నిమిషం వినిపిస్తున్నాను. ఎవరు వద్దన్నా తీసేస్తాను, ఎందుకని అడగను.

ఇక చిన్న జాగ్రత్తలు. ట్రాకులు ముందే డౌన్‌లోడ్ చేసి ఫ్లైట్ మోడ్ పెట్టండి. సమాధిలోకి అడుగుపెట్టే వేళ యాడ్ వచ్చినా, ఫోన్ మోగినా కట్టిన కథంతా కూలిపోతుంది. లూప్‌లో పెట్టే ట్రాక్ చివర ఎట్లా ఆగి మళ్లీ ఎట్లా మొదలవుతుందో ఒకసారి వినండి. తెగినట్టు ఉంటే క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా కలపడం) ఐదారు సెకన్లు పెట్టండి. సీన్ మారేటప్పుడు ట్రాక్ టక్కున ఆపకుండా, మీ మాట నడుస్తుండగానే మెల్లగా తగ్గించండి.

ఆట ముగిసే ముందు మేం ఎప్పుడూ ఒకే ముక్క వేస్తాం, నీలాంబరి రాగంలో వీణ, మూడు నిమిషాలు. జోలపాటల రాగం అది. అది మొదలైతే డైస్ డబ్బాలోకి పోతాయి, కాగితాలు ఫైల్లోకి పోతాయి, వచ్చే వారం ఎవరు మిర్చి బజ్జీ తేవాలో తేలుతుంది. దాన్ని కథ మధ్యలో ఒక్కసారి కూడా వాడలేదు.