ఫాంటసీ బాస్కెట్‌బాల్ గణాంకాలు – మూడో పాఠం: శాతం వెనుక ఎన్ని ప్రయత్నాలు?

ఫాంటసీ బాస్కెట్‌బాల్‌లో నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని మన జట్టు కట్టుకుంటాం; వాళ్లు అసలు మ్యాచ్‌లలో సాధించిన గణాంకాలతోనే వారంవారం పోటీ. పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం), అసిస్టులు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం) కూడిక లెక్కలు. వారం చివర మీ ఆటగాళ్లందరివీ కలిపితే సరిపోతుంది. తొమ్మిది కేటగిరీల (అంటే తొమ్మిది రకాల గణాంకాల్లో పోటీపడే) లీగులో రెండు మాత్రం ఆ దారికి రావు: ఫీల్డ్ గోల్ శాతం (ఆట సాగుతుండగా వేసిన షాట్లలో ఎన్ని పడ్డాయో), ఫ్రీ త్రో శాతం (ఫౌల్ తర్వాత లైను దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లలో ఎన్ని పడ్డాయో). కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకే ఈ పాఠమంతా ఫ్రీ త్రో శాతానికే ఇస్తున్నాను. ఇది పట్టుబడితే రెండోది దానంతటదే వస్తుంది.

ఒక ఆటగాడు 64 శాతం ఫ్రీ త్రోలు బుట్టలో వేస్తాడు, మరొకడు 50 శాతమే. ఎవరి వల్ల మీ జట్టుకు నష్టం ఎక్కువ? జవాబు చెప్పే ముందు కాగితం తీసుకోండి.

మీ మిగతా ఆటగాళ్లు వారంలో 100 ఫ్రీ త్రోలకు 80 వేశారనుకుందాం. మొదటి ఆటగాడు మూడు మ్యాచ్‌లలో 36 ప్రయత్నించి 23 వేశాడు. జట్టు మొత్తం 136కి 103, అంటే 75.7 శాతం. అతని బదులు రెండో ఆటగాడు ఉంటే? అతను లైను దగ్గరికి వచ్చేదే తక్కువ. 6 ప్రయత్నించి 3 వేశాడు. 106కి 83, అంటే 78.3 శాతం. 50 శాతం ఆటగాడే మీకు తక్కువ నష్టం చేశాడు!

కాబట్టి శాతాన్ని ఒంటరిగా చూడకండి. పక్కనే ప్రయత్నాల సంఖ్య ఉంటుంది, దాన్ని ముందు చదవండి. నేనైతే ప్రతి ఆటగాడికీ చిన్న లెక్క వేస్తాను. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు అయిన ఎన్‌బీఏలో ఈమధ్య సగటు ఫ్రీ త్రో శాతం సుమారు 78. సగటు ఆటగాడు అన్నే ప్రయత్నాల్లో ఎన్ని వేసేవాడో చూసి, మన ఆటగాడు వేసినవాటిలోంచి తీసేస్తాను.

2022-23 సీజన్‌లో యానిస్ అంటెటోకున్‌పో మ్యాచ్‌కు 31.1 పాయింట్లు సాధించాడు. ఫ్రీ త్రోలు మాత్రం సగటున 12.3 ప్రయత్నించి 7.9 వేశాడు. సగటు ఆటగాడైతే 9.6 వేసేవాడు. తేడా: మైనస్ 1.7. అదే సీజన్‌లో స్టెఫెన్ కరీ 5 ప్రయత్నాలకు 4.6 వేశాడు; సగటు 3.9, తేడా ప్లస్ 0.7. యానిస్ తవ్విన గొయ్యి పూడ్చాలంటే ఇద్దరు కరీలు కూడా చాలరు.

అలాగని యానిస్‌ను వదిలేయమనడం లేదు. అంత ఆటగాడిని వదులుకోవడం నాకు అసలు నచ్చదు. తొమ్మిదింటిలో అయిదు గెలిస్తే ఆ వారం మీదే. యానిస్ మీ చేతికొస్తే ఫ్రీ త్రో శాతాన్ని పూర్తిగా వదిలేసి, ఫ్రీ త్రోలు సరిగా వేయకపోయినా రీబౌండ్లు, బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను అడ్డుకోవడం) బాగా తెచ్చే పొడగరులను ధైర్యంగా తీసుకోండి. ఓడిన కేటగిరీలో కొంచెం ఓడినా, ఘోరంగా ఓడినా లెక్క ఒకటే. ఇలా ఒక కేటగిరీని కావాలని వదిలేయడాన్ని ‘పంట్’ చేయడం అంటారు. సగం వదిలి సగం పట్టుకోవడమే అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మన విశాఖ మిత్రుల లీగులో డబ్బు పందెం లేదు కాబట్టి ఈ ప్రయోగానికి వెనకాడవలసిన పని లేదు.

ఈ వారం అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: గాజువాకలో ఉన్నా, ఎంవీపీ కాలనీలో ఉన్నా, సాయంత్రం దగ్గర్లోని బాస్కెట్‌బాల్ కోర్టుకు వెళ్లి, ఆడేవారిలో ఇద్దరి ఫ్రీ త్రోలు రాసుకోండి. ప్రయత్నాలు ఒక గడిలో, పడినవి మరో గడిలో. చేత్తో రాస్తేనే ఈ లెక్క ఒంటబడుతుంది. రెండోది: ఎన్‌బీఏ మ్యాచ్‌లు చాలావరకు మనకు తెల్లవారుజామునే మొదలవుతాయి, మధ్యాహ్నానికల్లా స్కోరు పట్టికలు సిద్ధంగా ఉంటాయి. మీ జట్టులోని ప్రతి ఆటగాడికీ పై లెక్క వేసి, ప్లస్‌లు, మైనస్‌లు కలపండి. మొత్తం బాగా మైనస్‌లోకి దిగితే, ఫ్రీ త్రోలు వదిలేయాలా, ఆటగాడిని మార్చాలా అన్నది నిర్ణయించుకుని నాలుగో పాఠానికి రండి. అక్కడ టర్నోవర్ల (బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టుకోవడం) సంగతి చూద్దాం.