బూల్ గడియారపు పెట్టె, 5వ పాఠం: లేచిన ఇత్తడిని తిరిగి కూర్చోబెట్టడం

ఇత్తడి రేకునూ తాబేటి చిప్పనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒకే రంపంతో కోయడం గత పాఠంలో చూశాం. 1672లో పారిస్‌లోని లూవ్ర్ రాజభవనంలో బస పొందిన ఫ్రెంచ్ చెక్కపనివాడు ఆంద్రే-షార్ల్ బూల్ పేరే ఈ పనికి స్థిరపడింది. అలాంటి పాత పెట్టెల్లో తరచూ కనిపించే దెబ్బ, ఇత్తడి కొసలు లేవడం.

గది గాలి పొడిబారితే, ఇత్తడినీ చిప్పనూ అతికించిన కింది చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. ఇత్తడి కుంచించుకోదు. చోటు ఇరుకైన రేకు పైకి ఉబుకుతుంది. జంతువుల తోలు నుంచి తీసిన పాత జిగురు పెళుసై ఉంటే దాన్ని ఆపలేదు.

లేచిన కొసను వేలితో నొక్కకండి. మడత పడితే ఆ గీత జన్మలో పోదు. ముందు యంత్రం, లోలకం తీసేయండి. గోటితో రేకుమీద తట్టుతూ వెళ్లండి. గట్టిగా అతుక్కున్నచోట టిక్కుమంటుంది, వదులైనచోట డొల్లగా పలుకుతుంది. ఆ హద్దుల్ని కాగితంమీద గీసుకోండి.

రేకు తన గాడిలో పట్టకపోతే అంచు అరగదీయాలనిపిస్తుంది. వద్దు. పెట్టెను 50-55 శాతం తేమ ఉన్న గదిలో కొన్ని వారాలు వదిలేయండి. చెక్క కొంత ఉబ్బి చోటు ఇస్తుంది. ఈ ఓపిక లేకనే ఎన్నో మంచి పెట్టెలు పాడయ్యాయి.

తోలు జిగురు పలుకులు ఒక వంతుకు నీళ్లు రెండు వంతులు పోసి రాత్రంతా నాననివ్వండి. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. మరిగితే బలం పోతుంది. రేకు కింది పాత జిగురును గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన సన్నకుంచెతో మెత్తబరిచి తీయండి. నీళ్లు ఎక్కువైతే పక్కనున్న చిప్ప కూడా లేస్తుంది. ఇత్తడి వెనకవైపు జిడ్డు తుడిచి, కోసిన వెల్లుల్లి రెబ్బ రుద్దండి. జిగురు బాగా పట్టడానికి ఇది పాత పనివాళ్ల పద్ధతి.

వేడి జిగురు రాసి, పైన మైనపు కాగితం, దానిమీద బెండు, ఆపైన చెక్కదిమ్మ పెట్టి క్లాంపు బిగించండి. 24 గంటలు కదపకండి. అంచున ఊరిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడవండి. ఉప్పుకాగితం జోలికి వెళ్లకండి. రేకుమీది సన్నని చెక్కడం రెండు రుద్దులకే అరిగిపోతుంది.

సాధన: అర మిల్లీమీటరు ఇత్తడి ముక్కలు నాలుగు పాత చెక్కమీద అతికించండి. రెండింటికే వెల్లుల్లి రుద్దండి. వారం తర్వాత కొసల్ని గోటితో లేపి చూడండి.