పైథాన్ 2 నుంచి 3కి: ఎర్రర్ రాకుండానే జవాబు మారిపోయే చోట్లు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2.7 వెర్షన్‌కి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన 2.7.18 ఆఖరిది. అయినా పాత లెక్కల స్క్రిప్టులు ఇంకా దాని మీదే నడిచే చోట్లు ఉన్నాయి. వాటిని మార్చేవాళ్లు ముందుగా ప్రింట్‌కి బ్రాకెట్లు పెడతారు. అది మర్చిపోయినా నష్టం లేదు, ప్రోగ్రాం మొదలవకుండానే ఆగి లైన్ నంబర్ చెబుతుంది. భయపడాల్సింది నోరెత్తకుండా తప్పు జవాబిచ్చే తేడాల గురించి.

వాటిలో మొదటిది భాగహారం. 7/2 అంటే పైథాన్ 2లో 3, పైథాన్ 3లో 3.5. మార్పు మొదలుపెట్టక ముందే, 2.7లోనే, స్క్రిప్టును -3 అనే ఆప్షన్‌తో నడపండి. రెండు పూర్ణాంకాల భాగహారం జరిగిన ప్రతి లైనుకీ హెచ్చరిక వస్తుంది. అయితే నిజంగా నడిచిన లైన్లకే వస్తుంది, కాబట్టి నెలాఖరులో మాత్రమే నడిచే భాగాలుంటే ఆ డేటా కూడా ఇచ్చి నడపాలి. హెచ్చరిక వచ్చిన చోట పాత జవాబే కావాలంటే // రాయండి. రుణ సంఖ్యలకూ తేడా రాదు: పాత -7/2, కొత్త -7//2 రెండూ -4 ఇస్తాయి. అలాగని ఫైలంతా గుడ్డిగా మార్చేయకండి. 7.0/2 ముందునుంచీ 3.5 ఇస్తోంది, అక్కడ // పెడితే 3.0 అవుతుంది.

రౌండ్ ఫంక్షన్ కూడా మారింది. 2.5ను పాతది 3.0 చేసేది, కొత్తది 2 చేస్తుంది. సరిగ్గా సగం దగ్గర ఉంటే సరి సంఖ్య వైపు వెళ్తుంది. డబ్బు లెక్కలైతే దశాంశాలను కచ్చితంగా లెక్కించే డెసిమల్ మాడ్యూల్ వాడి, సగాన్ని పైకి సవరించమని స్పష్టంగా చెప్పడమే క్షేమం.

తెలుగు డేటా ఉన్నవాళ్లు ఎక్కువ సమయం కేటాయించాల్సింది అక్షరాల దగ్గర. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరస, పైథాన్ 3లో కోడ్‌పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో హల్లుకు, గుర్తుకు ఉన్న సంఖ్యల) వరస. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు పడతాయి. అందుకే 'తెలుగు' పొడవు అడిగితే పాతది 18 అంటుంది, కొత్తది 6 అంటుంది (మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు). పేరును మొదటి 30కి కత్తిరించే కోడ్ ఉంటే ఫలితం మారిపోతుంది. పొడవు, కోత, కాలమ్ వెడల్పు ఉన్న ప్రతి చోటూ కళ్లతో చూసి నిర్ణయించాలి. ఏ టూలూ ఆ పని చేయలేదు. పాటించాల్సిన పద్ధతి ఒకటే: ఫైలు నుంచో నెట్‌వర్క్ నుంచో వచ్చిన బైట్లను లోపలికి రాగానే డీకోడ్ చేయండి (స్ట్రింగ్‌గా మార్చండి), బయటికి పంపేముందు ఎన్‌కోడ్ చేయండి (తిరిగి బైట్లుగా మార్చండి), మధ్యలో అంతా స్ట్రింగే. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయండి. లేకపోతే విండోస్‌లో సిస్టమ్ ఎన్‌కోడింగ్ వాడుకుని తెలుగును చెడగొడుతుంది.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. పైథాన్ 3లో బైట్లనూ స్ట్రింగ్‌నూ కలిపితే ఎర్రర్ వస్తుంది, కానీ రెండూ సమానమా అని పోల్చితే ఏమీ అనకుండా 'కాదు' అంటుంది. అలాంటి పోలిక ఉన్న పాత 'ఇఫ్' షరతు ఇక ఎప్పటికీ నిజం కాదు. మార్చిన ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు హైఫన్ పక్కన రెండు చిన్న 'బీ'లున్న ఆప్షన్ ఇవ్వండి. అలాంటి పోలిక జరగగానే ఎర్రర్‌తో ఆగుతుంది.

మ్యాప్, ఫిల్టర్, జిప్ ఇప్పుడు జాబితా ఇవ్వవు. ఒకసారి తిరిగితే ఖాళీ అయిపోతాయి. అదే వేరియబుల్ మీద రెండో లూప్ పెడితే అది ఒక్కసారి కూడా తిరగదు, మొత్తం సున్నా వస్తుంది. రెండుసార్లు వాడేచోట లిస్ట్‌లో చుట్టండి.

మిగతావాటిలో చాలావరకు గోల చేసే (ఎర్రర్‌తో ఆగే) తేడాలే. ఎక్సెప్ట్‌లో కామా బదులు యాజ్, 0777 బదులు సున్నా తర్వాత చిన్న 'ఓ' పెట్టి 777, హ్యాజ్‌కీ బదులు ఇన్. వీటిని పైథాన్ 2 కోడ్‌ను 3కి మార్చే '2టు3' టూలే మార్చేస్తుంది. భాగహారాన్ని మాత్రం అది ముట్టుకోదు. పైథాన్ 3.13లో ఈ టూల్‌ని తీసేశారు కాబట్టి 3.12ని పక్కన ఉంచుకోండి. అందులోనూ డిస్ట్‌యుటిల్స్, ఇంప్ మాడ్యూళ్లు లేవు. వాటి మీద ఆధారపడ్డ పాత లైబ్రరీలకు కొత్త వెర్షన్లు దొరుకుతాయో లేదో కోడ్ ముట్టుకోకముందే చూసుకోండి.