ఎంఆర్ఐ గదిలోకి వెళ్లేముందు జేబులే కాదు, జ్ఞాపకాలూ తడుముకోండి

ఎంఆర్ఐ అనగానే చాలామందికి వచ్చే మొదటి భయం రేడియేషన్. ఆ భయం అక్కర్లేదు, ఎక్స్‌రేలోనూ సీటీలోనూ ఉండే రేడియేషన్ ఇందులో లేదు. రెండో భయం గొట్టంలో ఊపిరాడదేమోనని. దానికి మార్గాలున్నాయి, కింద చెప్తాను. నిజంగా భయపడాల్సిన దాని గురించి మాత్రం ఎవరూ అడగరు. అది అయస్కాంతం. ఈ మిషన్ పక్కన ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను, "ఇప్పుడు ఆన్‌లో ఉందా?" అని ఎవరు ఎప్పుడు అడిగినా నా జవాబు ఒకటే. ఉంది. రాత్రి తాళం వేసి మేం ఇంటికెళ్లిపోయాక కూడా ఉంటుంది. కరెంటు పోయినా ఉంటుంది.

చాలా ఆస్పత్రుల్లో ఉండే మిషన్ల బలం 1.5 టెస్లా లేదా 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). 1.5 టెస్లా అంటే భూమికున్న అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. నియోబియం, టైటానియం కలిపిన తీగని చుట్టగా చుట్టి, ద్రవ హీలియం సాయంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలికి తీగలో నిరోధం అన్నదే ఉండదు, అందుకని ఒకసారి ఎక్కించిన కరెంటు ఏళ్లపాటు అలా తిరుగుతూనే ఉంటుంది, ప్లగ్గు పీకితే ఆగే వ్యవహారం కాదు. స్కాన్ అప్పుడు వచ్చే దడదడ శబ్దం ఆగగానే మిషన్ ఆగిపోయిందని అనుకుంటారు, కానీ ఆ శబ్దం గ్రేడియంట్ కాయిల్స్ అనే వేరే చుట్టలది. పెద్ద అయస్కాంతం చప్పుడు చెయ్యదు. ఎవరూ లేనప్పుడు ఆ గదిలో నిలబడితే హీలియంని చల్లబరిచే పంపు కిచుక్ కిచుక్ మంటూ వినిపిస్తుంది, అంతే.

2025 జులైలో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది చూడండి. భార్యకి మోకాలి స్కాన్ అయిపోయింది, బల్ల మీద నుంచి లేవడానికి సాయం పట్టమని ఆమె పిలిస్తే భర్త లోపలికి వెళ్లాడు. మెడలో వ్యాయామం కోసం వేసుకున్న దాదాపు 9 కిలోల గొలుసు. అయస్కాంతం గొలుసుతో పాటు మనిషినీ లాగేసింది, మర్నాడు చనిపోయాడు. స్కాన్ అయిపోయాకే జరిగింది ఇదంతా. 2018 జనవరిలో ముంబైలో పేషెంటుతో వచ్చిన బంధువొకాయన ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు, మిషన్ ఆపేసి ఉందని తమకి చెప్పారని బంధువులు తర్వాత అన్నారు. 2001లో న్యూయార్క్ దగ్గర ఆరేళ్ల పిల్లాడు స్కానర్‌లో ఉండగా సిలిండరే ఎగిరొచ్చి తగిలింది, బతకలేదు. ఈ మూడింటిలో ముందు రెండు ఘటనల్లో పోయింది పేషెంటు కాదు, తోడుగా వచ్చిన మనిషి. పిల్లాడి విషయంలో కూడా సిలిండర్ తెచ్చింది వేరేవాళ్లే.

కాబట్టి మొదటి జాగ్రత్త తోడు వచ్చేవాళ్లకి. లోపలి నుంచి పేషెంటు పిలిచినా, కేక వేసినా, కిందపడబోతున్నట్టు కనిపించినా సరే, సిబ్బంది రమ్మనకుండా గుమ్మం దాటొద్దు. మీరూ లోపల కూర్చోవాల్సి వస్తే పేషెంటుకిచ్చే ప్రశ్నల ఫారం మీకూ ఇమ్మని అడగండి, ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపల పెట్టిన పరికరం) మీ ఒంట్లో ఉన్నా ప్రమాదం ప్రమాదమే. ఇంకోటి, ఈ లాగుడు ఎలా ఉంటుందంటే, తలుపు దగ్గర నిలబడితే ఏమీ తెలీదు. నాలుగడుగులు వేసినా తెలీదు. ఇంకొక్క అడుగు వేస్తే జేబులో తాళంచెవులు కదులుతాయి, ఆ తర్వాతి అడుగుకి చెయ్యి పెట్టి పట్టుకునే టైం ఉండదు. బలం కొంచెం కొంచెంగా పెరగదు, దగ్గరికెళ్లేకొద్దీ ఒక్కసారిగా మీద పడుతుంది. "ఇక్కడిదాకా ఏం కాలేదు కదా" అన్న ధైర్యం ఈ గదిలో పనికిరాదు.

ఏదైనా అతుక్కుంటే అప్పుడు ఆపెయ్యొచ్చు కదా అంటారు. క్వెంచ్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే హీలియం మరిగి ఆవిరై పైపులోంచి బయటకి పోతుంది, అయస్కాంతం బలం పోతుంది. కానీ లైటు స్విచ్చులా అప్పటికప్పుడు కాదు, నిమిషం పైనే పట్టొచ్చు. ద్రవ హీలియం వాయువుగా మారితే 700 రెట్లకు పైగా వ్యాపిస్తుంది, పైపు సరిగా లేకపోతే ఆ గ్యాస్ గదిలోకే వచ్చి ఆక్సిజన్‌ని తోసేస్తుంది. గదిలో పైభాగాన తెల్లటి పొగ కనిపిస్తే వంగి, తల కిందికి పెట్టుకుని బయటకి నడవండి, హీలియం పైకే పోతుంది.

ఇక ఫారం సంగతి. స్కాన్‌కి ముందు ఒక కాగితం ఇస్తాం, అందులో పేస్‌మేకర్ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, కంట్లో లోహం పడిందా అని వరసగా ప్రశ్నలుంటాయి. నూటికి తొంభై మంది పై నుంచి కింది దాకా "లేదు" అని ఒకే గీత గీసేసి ఇస్తారు. (నేనూ బ్యాంకు ఫారాలకి అదే చేస్తాను, తప్పు పట్టట్లేదు.) ఒకసారి ఒక పెద్దాయన నడుం నొప్పికి స్కాన్‌కి వచ్చాడు. ఫారంలో అన్నీ లేదు. అలవాటు ప్రకారం బల్ల ఎక్కించే ముందు మళ్లీ నోటితో అడిగాను.

"కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అండీ?"

"ఇరవై ఏళ్లు వెల్డింగ్ పని చేశాను బాబూ, పడకుండా ఎలా ఉంటుంది?"

"మరి లేదని రాశారు?"

"ఎప్పుడో సంగతి కదా. డాక్టరు తీసేశాడు."

"మొత్తం వచ్చేసిందన్నారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "వచ్చేసిందనే అనుకుంటున్నా."

ఆ "అనుకుంటున్నా" విని బల్ల దించి కళ్లకి ఎక్స్‌రే తీయించాం. ఎడమ కంటి దగ్గర బియ్యపు గింజలో పదో వంతు కూడా ఉండని తెల్లటి చుక్క. స్కాన్ చెయ్యలేదు. అంత చిన్న ఇనుప ముక్క అయస్కాంతంలో కదిలితే లోపల ఏం కోస్తుందో, చూపు పోయాక గానీ తెలీదు, అలా చూపు పోయిన కేసు 1986లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదు, గుర్తు చేసుకోలేదంతే. నేను ఈ మిషన్ కంటే ఎక్కువ భయపడేది దానికే. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పెట్టినా అది సహాయమే, మీ జ్ఞాపకానికి బదులు కాదు.

అందుకని స్కాన్‌కి ముందు రోజు రాత్రి తీరిగ్గా కూర్చుని తల నుంచి కాలి దాకా ఒకసారి గుర్తు చేసుకోండి. తలలో రక్తనాళానికి క్లిప్పు వేశారా, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, గుండెకి స్టెంటా, వాల్వా, పేస్‌మేకరా, వెన్నులో రాడ్లా, ఎప్పుడైనా బుల్లెట్టో ముక్కో లోపల ఉండిపోయిందా, కడుపు లోపల ఫోటోలు తీసే కెమెరా మాత్ర ఈ మధ్య మింగారా, అది బయటకి వచ్చిందా. ఇంట్లో పెద్దవాళ్లనీ అడగండి, చిన్నప్పటి ఆపరేషన్లు మనకంటే వాళ్లకే బాగా గుర్తుంటాయి. పాత డిశ్చార్జ్ కాగితాలు, ఇంప్లాంట్ కార్డు దొరికితే వెంట తెచ్చుకోండి.

ఒంట్లో లోహం ఉంటే స్కాన్ కుదరదనేం కాదు. మోకాలి, తుంటి కీళ్లు, టైటానియం రాడ్లు, గుండె స్టెంట్లలో ఎక్కువ భాగం, పళ్లలో ఫిల్లింగులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు, ఫోటోలో ఆ చుట్టుపక్కల నల్లగా మసకబారుతుంది అంతే. మెదడులో రక్తనాళానికి వేసిన పాత క్లిప్పులతోనే పేచీ, అది ఏ రకమో కాగితం మీద తేలేదాకా ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోకూడదు. పేస్‌మేకర్ ఉంటే ఒకప్పుడు తలుపు దగ్గరే తిప్పి పంపేవాళ్లం. 2011లో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఎంఆర్ఐకి పనికొచ్చే మొదటి పేస్‌మేకర్‌ని ఆమోదించింది, ఇప్పుడు అలాంటివి మామూలైపోయాయి. అయితే అవన్నీ షరతులతో కూడినవే. మూడు గుర్తులు తెలుసుకుంటే మంచిది. ఆకుపచ్చది ఎక్కడైనా సురక్షితం, పసుపు త్రికోణం షరతుల మీద సురక్షితం, ఎర్ర సున్నాలో అడ్డగీత ఉంటే లోపలికి రానే కూడదు. ఆ పసుపు దగ్గరే జనం పొరబడతారు. "పోయినేడు ఇదే పేస్‌మేకర్‌తో స్కాన్ చేశారు, ఏం కాలేదు" అంటారు. అప్పుడది 1.5 టెస్లా అయ్యుండొచ్చు, ఇప్పుడిది 3. షరతు ఏ బలం దగ్గర పరీక్షించారో దానికే వర్తిస్తుంది. పేస్‌మేకర్ మార్చినప్పుడు పాత తీగలు లోపలే వదిలేసి ఉంటే అది కూడా చెప్పాలి, అవి వేడెక్కే అవకాశం ఉంది.

వేడి అంటే గుర్తొచ్చింది, ఈ గదిలో ఎగిరొచ్చి తగిలే వస్తువుల మీదే వార్తలొస్తాయి గానీ, ఎక్కువగా జరిగేవి కాలిన గాయాలు. స్కాన్‌లో శరీరంలోకి రేడియో తరంగాలు పంపుతాం, వాటివల్ల ఒళ్లు కాస్త వెచ్చబడడం మామూలే, మిషన్ దానికి హద్దు పెట్టుకునే నడుస్తుంది. సమస్య వలయాలతో వస్తుంది. రెండు చేతులూ పొట్ట మీద జోడించినా, తొడలు ఒకదానికొకటి తగిలినా మీ ఒళ్లే ఒక రింగు అయిపోతుంది, అందులో కరెంటు తిరిగి, చర్మం చర్మానికి తగిలిన చోట కాలుతుంది. మేం తొడల మధ్య, మోచేతుల పక్కన పలచటి దిండ్లు దూర్చేది అందుకే. సౌకర్యం కోసం అనుకుని వాటిని తీసి పక్కన పెట్టేవాళ్లున్నారు, దయచేసి తియ్యకండి.

బట్టలు కూడా అంతే. చెమట వాసన రాకుండా వెండి పోగులు కలిపి నేసిన వ్యాయామం బట్టలుంటాయి, చూస్తే మామూలు బనియన్‌లాగే ఉంటుంది. లేబుల్ చదివి తెలుసుకోవడం మా వల్లా కాదు, మీ వల్లా కాదు, గౌను ఇస్తే లోపలి బట్టలతో సహా మార్చుకోండి, మొహమాటపడొద్దు. ఒంటికి అంటించిన మందు పట్టీల్లో కొన్నింటి వెనక సన్నటి లోహపు పొర ఉంటుంది. షుగర్ చూసే సెన్సార్, ఇన్సులిన్ పంపు, వినికిడి మిషన్, మ్యాగ్నెట్‌తో అంటుకునే కృత్రిమ కనురెప్పలు, ముక్కు దగ్గర తీగ ఉన్న మాస్కు, జుట్టులో పిన్నులు, అన్నీ తీసెయ్యాల్సిందే. ఫోన్, ఏటీఎం కార్డు సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. టాటూ ఉంటే చెప్పండి, చాలావరకు ఏమీ కాదు, ఎప్పుడైనా అక్కడ మంటగా అనిపించొచ్చు. అలా ఎక్కడ చురుక్కుమన్నా, వేడి అనిపించినా వెంటనే చేతిలో ఇచ్చిన రబ్బరు బుడగ నొక్కండి. స్కాన్ మళ్లీ చెయ్యాల్సొస్తుందేమోనని ఓర్చుకునేవాళ్లని చూశాను. ఆ ఓర్పు ఇక్కడ వద్దు.

శబ్దం 100 డెసిబెల్స్ దాటొచ్చు, ఇయర్‌ప్లగ్స్ చెవిలో సరిగ్గా దూరాయో లేదో చూసుకోండి.

ఇరుకు భయం ఉన్నవాళ్లకి. పాత మిషన్ల గొట్టం 60 సెంటీమీటర్ల వెడల్పు, కొత్తవాటిలో చాలావరకు 70. పది సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ మొహం ముందు అది చాలా తేడా, బుక్ చేసుకునేటప్పుడే ఏది ఉందో అడగండి. మోకాలు, పాదం లాంటివైతే కాళ్ల వైపు నుంచి పంపమంటే తల బయటే ఉండిపోవచ్చు. నా అనుభవంలో బాగా పనిచేసే చిట్కా ఒకటుంది: బల్ల లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోండి, లేదా కళ్ల మీద గుడ్డ వేయించుకోండి, లోపలికెళ్లాక తెరిస్తే టెన్షన్ మళ్లీ మొదటికొస్తుంది. మత్తు ఇస్తామంటే ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో అడిగి అది కచ్చితంగా పాటించండి, ఇంటికి బండి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు.

బొమ్మలో కొన్ని భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అందరికీ అవసరం ఉండదు. ఇచ్చేది గడోలినియం అనే లోహం. అది నేరుగా ఒంట్లోకి వెళ్తే విషం, అందుకని ఇంకో అణువులో బంధించి ఇస్తారు. పాత రకాల్లో ఆ పట్టు వదులు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో అది విడిపోయి చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు వచ్చిందని 2006లో బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే మాక్రోసైక్లిక్ రకం పంజరంలా చుట్టూ పట్టుకుని ఉంటుంది, ఆ జబ్బు దాదాపు కనిపించకుండా పోయింది. 2014లో జపాన్ వైద్యులు పదేపదే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల మెదడులో గడోలినియం జాడలు మిగిలిపోతున్నాయని చూపించారు, 2017లో యూరప్ పాత రకాల్లో చాలావాటిని ఆపేసింది. ఆ జాడల వల్ల మెదడుకి హాని జరిగినట్టు రుజువు కాలేదు, అలాగని ఊరికే ఇప్పించుకునేదీ కాదు. కిడ్నీ జబ్బుంటే, డయాలసిస్‌లో ఉంటే, గతంలో ఈ ఇంజెక్షన్‌కి దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ముందే చెప్పండి. సీటీలో ఇచ్చే అయోడిన్ మందు పడకపోతే ఇదీ పడదనేం లేదు, రెండూ వేరు, కానీ ఆ సంగతీ చెప్పండి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పాలి, స్కాన్ అవసరమైతే చేస్తారు, ఇంజెక్షన్ మాత్రం తప్పనిసరైతేనే. పాలిచ్చే తల్లులు ఇంజెక్షన్ తర్వాత పాలు ఆపాల్సిన పనిలేదు, పాలలోకి వెళ్లేది చాలా చాలా తక్కువ.

కొత్త మిషన్ల గురించి రెండు మాటలు. ఇదివరకు ఒక్కో మిషన్‌లో వెయ్యి లీటర్లకు పైగా ఉండే హీలియం, ఇప్పుడు కొన్నింటిలో 7 లీటర్లే ఉంటుంది, గట్టిగా మూసేసి. మంచం దగ్గరికి తోసుకెళ్లే 0.064 టెస్లా చిన్న మిషన్‌కి 2020లో ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. మరోవైపు 2017 నుంచి 7 టెస్లా కూడా పేషెంట్ల మీద వాడుతున్నారు, అందులో బల్ల కదిలేటప్పుడు తల తిరగొచ్చు, నోట్లో లోహం రుచి రావచ్చు. ఏఐ వచ్చాక స్కాన్ టైం బాగా తగ్గింది, తక్కువ డేటా తీసుకుని మిగతాది అదే పూరిస్తుంది. బొమ్మ నున్నగా, అందంగా వస్తుంది, అదే నాకు కొంచెం అనుమానం, చిన్న మచ్చని తుడిచేసినా, లేనిది గీసినా అంతే అందంగా ఉంటుంది కాబట్టి. చూసే డాక్టరు అది గుర్తుపెట్టుకుని చూడాలి. పేషెంటుగా మీ పని మాత్రం మారలేదు, కదలకుండా పడుకోవడం. చిన్న మిషన్ కదా బలం తక్కువ కదా అని ఫారం తేలిగ్గా తీసుకోవద్దు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఒక్కటి మిగిలింది. స్కాన్‌కి ముందు దాన్ని ఎంఆర్ఐ మోడ్‌లో పెడతారు. అయిపోయాక మళ్లీ మామూలు మోడ్‌కి మార్చారా అని అడిగి, మార్చారని చెప్పాకే ఆస్పత్రి గుమ్మం దిగండి.