లింకు వెనుక దాగిన చిరునామాను నోట్‌ప్యాడ్‌లో చూసే పద్ధతి

మెయిల్‌లో వచ్చే లింకుకు పైకి కనిపించే అక్షరాలు వేరు, నొక్కినప్పుడు బ్రౌజర్ వెళ్ళే చిరునామా వేరు. రెండూ ఒకటే కావాలన్న నియమం వెబ్ పేజీలను, మెయిళ్ళను రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో లేదు కనుక, పైన బ్యాంకు పేరు రాసి లోపల మరో చిరునామా పెట్టడం మోసగాళ్ళకు సులువు. నోట్‌ప్యాడ్ వంటి సాదా టెక్స్ట్ ఎడిటర్ బొమ్మలను దించుకోదు, స్క్రిప్టులను నడపదు, ఫైలులోని అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు చూపుతుంది.

లింకు అక్షరాలను ఎంచుకొని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే పై అక్షరాలే వస్తాయి కాబట్టి, మెయిల్‌నే ఫైలుగా దించుకోవాలి. జీమెయిల్‌నైతే కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’, ఆపై ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ ఎంచుకోవాలి. దిగిన ఫైలుపై డబుల్ క్లిక్ చేయకుండా, రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’ ద్వారా నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. జతగా వచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైలుకైనా ఇదే పద్ధతి.

ఇప్పుడు కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి హెచ్, ఆర్, ఈ, ఎఫ్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలను వెతికితే, వాటి తరువాత కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదే అసలు చిరునామా. చాలా మెయిళ్ళలో = గుర్తు ఉండవలసిన చోట =3డి అని ఉంటుంది, వరుస 76 అక్షరాలకు మించకుండా చివర = పెట్టి విరిచి ఉంటుంది; ఆ చివరి గుర్తును తీసేసి వరుసలను కలిపి చదువుకోవాలి. అర్థం లేని అక్షరాల దిమ్మ మాత్రమే కనిపిస్తే అది మెయిల్ విషయాన్ని వేరే అక్షరాలు, అంకెలుగా మార్చి పంపే బేస్64 రూపం. దానిని విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో సొంత కంప్యూటర్‌లోనే విప్పుకోవడం మేలు, ఎందుకంటే వ్యక్తిగత మెయిల్‌ను ఎవరిదో వెబ్‌సైటులో అతికించడం మంచిది కాదు.

చిరునామా దొరికాక అసలు జాగ్రత్త చదవడంలోనే ఉంది. రెండు గీతల // తరువాత మొదటి /, ? లేదా # వచ్చేవరకు ఉన్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి: ‘బ్యాంకు.కామ్.ఉదాహరణ.నెట్’ అని ఉంటే దాని యజమాని ‘ఉదాహరణ.నెట్’ వారే తప్ప బ్యాంకు కాదు. ఆ భాగంలో @ ఉంటే దానికి ముందున్నదంతా లెక్కలోకి రాదు. ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే పేరులో ఇంగ్లీషు అక్షరాలను పోలిన వేరే లిపి అక్షరాలు దాగి ఉండవచ్చు.

నిజమైన సంస్థలు కూడా క్లిక్కులను లెక్కించడానికి మధ్యలో మరో సైటును పెడుతుంటాయి కాబట్టి, తెలియని పేరు కనిపించినంత మాత్రాన మోసమని తేల్చలేము. అటువంటప్పుడు ఆ లింకును వదిలి, సంస్థ చిరునామాను బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేసి వెళ్ళాలి.