బలాల బొమ్మలు – 4వ పాఠం: టిక్కీని ముందుకు తోసేది ఏది?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. సిమెంటు నేల మీద 45 కిలోల మిర్చి టిక్కీ, అంటే మిర్చి కుక్కిన గోనె బస్తా, ఉంది. నేలకీ టిక్కీకీ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం (జారక ముందు రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె) 0.5 అనుకోమన్నాను. దాన్ని అడ్డంగా 100 న్యూటన్ల బలంతో లాగారు, కదల్లేదు. ఘర్షణ బలం ఎంత?

ఎక్కువమంది చేసేది ఇదీ: బరువు 45 × 9.8 = 441 న్యూటన్లు, దాన్ని 0.5తో గుణిస్తే సుమారు 220. జవాబు 220 అని రాసి కింద గీత కొట్టేస్తారు. ఇంటర్లో ఇలాంటి లెక్కకే నేనూ అలాగే రాసి సున్నా తెచ్చుకున్నాను. మాస్టారు పేపరు మీద ఎర్ర ఇంకుతో ఒక్క ముక్క రాశారు: "మరి పెట్టె వెనక్కి పోవాలిగా?"

పోవాలి మరి. ముందుకు 100, వెనక్కి 220 ఉంటే, మీరు లాగుతున్నకొద్దీ టిక్కీ మీ నుంచి దూరంగా జరిగిపోవాలి. గుంటూరు యార్డులో అలాంటి టిక్కీని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. సరైన జవాబు 100. 220 అనేది హద్దు మాత్రమే. కమీషన్ కొట్లో రైతు ఖాతా మీద 220 దాకా ఇస్తామన్నారంటే, 100 అడిగినవాడి చేతిలో 220 పెట్టరు కదా. మీరు 10 న్యూటన్లతో లాగితే ఘర్షణ 10, 150తో లాగితే 150. హద్దు దాటి లాగితేనే టిక్కీ జారుతుంది. జారడం మొదలయ్యాక ఘర్షణ కాస్త తగ్గుతుంది కూడా. హమాలీలు కొక్కెం తగిలించి మొదట ఒక్క ఊపు ఊపి, కదిలాక మధ్యలో ఆగకుండా లాగేది అందుకే. ఆగారో, మళ్లీ ఆ ఊపు ఇవ్వాల్సిందే.

టిక్కీని పడుకోబెట్టి లాగినా నిలబెట్టి లాగినా ఈ హద్దు దాదాపు ఒకటే. ఇది 1699లో పారిస్‌లో అమాంటన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పినప్పుడు తోటి పండితులకే నమ్మకం కుదరలేదు. 1785లో మరో ఫ్రెంచి శాస్త్రవేత్త కులూంబ్ ప్రయోగాలు చేసి మరీ బలపరిచాడు. మీకూ నమ్మకం కుదరకపోతే మంచిదే, చివర్లో ప్రయోగం ఉంది.

ఇక అసలు పాఠం. ఘర్షణ ఎప్పుడూ కదలికకు అడ్డుపడుతుందని చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఆ వాక్యాన్ని ఇవాళ సరిచేసుకోవాలి.

ట్రక్కు ఆటోలో ఒక టిక్కీ వేశారు. తాడు కట్టలేదు, వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆటో బయల్దేరింది, టిక్కీ కూడా దాంతోపాటే వెళ్లింది. బొమ్మ గీయండి. ఆటోను గీయొద్దు, టిక్కీని ఒక్కదాన్నే పెట్టెలా గీయండి. కిందికి బాణం: బరువు, 441. పైకి బాణం: ఆటో అడుగు రేకు ఇచ్చే అభిలంబ బలం (తలానికి నిట్టనిలువుగా ఉండే తోపు), అదీ 441. ఇప్పుడు ఆగి ఆలోచించండి. టిక్కీ వేగం పెరుగుతోంది, అంటే న్యూటన్ రెండో నియమం ప్రకారం దాన్ని ముందుకు నెట్టే బలం ఒకటి ఉండి తీరాలి. ఇంజను టిక్కీని ముట్టుకోవడం లేదు. డ్రైవరూ ముట్టుకోవడం లేదు. ముట్టుకుంటున్నది అడుగు రేకు ఒక్కటే. కాబట్టి ముందుకు తోసేది ఘర్షణే. ఆ బాణం ముందుకే గీయాలి.

ఘర్షణ అడ్డుపడేది కదలికకు కాదు, రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారడానికి. టిక్కీ రేకు మీద వెనక్కి జారిపోబోతుంటే, జారనివ్వకుండా ముందుకు నెడుతుంది.

ఇప్పుడు బ్రేకు వేద్దాం. రేకుకీ టిక్కీకీ మధ్య గుణకం 0.4 అనుకుందాం. హద్దు 0.4 × 441 = సుమారు 176 న్యూటన్లు. ఆటో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతోంది. డ్రైవరు నిదానంగా 5 సెకన్లలో ఆపాడు. వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున తగ్గింది, కావలసిన బలం, రెండో నియమం ప్రకారం ద్రవ్యరాశిని వేగం మారే రేటుతో గుణిస్తే, 45 × 2 = 90. హద్దు లోపలే ఉంది, టిక్కీ కదల్లేదు.

చుట్టుగుంట సెంటర్లో ఎవరో అడ్డం వచ్చారు. 2 సెకన్లలో ఆపాల్సి వచ్చింది. ఇప్పుడు కావలసింది 45 × 5 = 225. రేకు ఇవ్వగలిగింది 176. టిక్కీ ముందుకు దూకిందంటాం గానీ, అది దూకలేదు. దాని వేగమూ తగ్గుతోంది, ఆటో తగ్గినంత త్వరగా తగ్గడం లేదు, అంతే. ఆ లోటు, కనీసం 49 న్యూటన్లు, తాడు ఇవ్వాలి, లేదా క్యాబిన్ వెనక రేకు ఇవ్వాలి. క్యాబిన్ రేకు ఇస్తే చప్పుడుతో ఇస్తుంది.

"బరువైన టిక్కీలే గదా, ఎక్కడికి పోతాయి, తాడెందుకు" అనేవాళ్లుంటారు. లెక్క మళ్లీ చూడండి. కావలసిన బలంలోనూ 45 ఉంది, హద్దులోనూ 45 ఉంది. రెండు వైపులా కొట్టేస్తే మిగిలేది 0.4 × 9.8 = 3.92. వేగం సెకనుకు అంతకంటే ఎక్కువ చొప్పున తగ్గితే 45 కిలోల టిక్కీ అయినా 5 కిలోల మూట అయినా జారాల్సిందే.

ఇంటి పని:

పరీక్షల ప్యాడ్ మీద ఒక చిన్న చెక్క ముక్క పెట్టి ఒక వైపు మెల్లగా ఎత్తండి. జారడం మొదలైన చోట ఆపి, ఎత్తిన అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఆ అంచు కింద నుంచి ఆనిన అంచు దాకా నేల మీద ఎంత దూరముందో స్కేలుతో కొలవండి. ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేదే స్థైతిక ఘర్షణ గుణకం. ఎందుకో వాలుతలాల పాఠంలో చూద్దాం. ఒక్కసారి కొలిచి నమ్మకండి, ఐదుసార్లు చేసి సగటు తీయండి. తర్వాత అదే చెక్క ముక్కను పక్కకి నిలబెట్టి కొలవండి, దాని మీద రూపాయి బిళ్ళ అతికించి మళ్లీ కొలవండి. ఏది మారుతుందో చేసే ముందే ఊహించి పుస్తకంలో రాసుకోండి, తర్వాత దిద్దొద్దు.

ఇంకొకటి, ఇది బొమ్మ మాత్రమే. బెజవాడ దుర్గా ఘాట్‌లో తడి గచ్చు మీద నడుస్తున్నారు. నేలను నెడుతున్న వెనక కాలి మీద ఘర్షణ బాణం ఎటు గీస్తారు? ముందుకు వేసి ఆనించిన కాలి మీద ఎటు?