నయాగరా బయల్దేరే ముందు పాస్‌పోర్టు ఒకసారి తెరిచి చూసుకోండి

అమెరికాలో దిగిన మన పిల్లలు చాలామంది చేసే మొదటి పెద్ద ప్రయాణం నయాగరా. ఆగస్టులో వస్తారు, లేబర్ డే సెలవులకి నలుగురు కలిసి అద్దె కారు తీసుకుంటారు. జలపాతం దగ్గర నిలబడితే అవతలి గట్టు కెనడా. రెయిన్‌బో బ్రిడ్జి మీద జనం నడిచి పోతూ కనిపిస్తారు. "అటువైపు నుంచి ఇంకా బాగుంటుందట, చూసొద్దాం రా" అని ఎవరో ఒకరు అననే అంటారు. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా విడిగా కావాలి. అమెరికా వీసా చూపిస్తే వాళ్లు రానివ్వరు.

వెళ్లాలని లేకపోయినా వెళ్లిపోయే ప్రమాదం ఇంకొకటి. నేను వచ్చిన మొదటి ఏడాది మా రూమ్మేటు కారు నడుపుతున్నాడు, నేను ఫోన్లో దారి చూసి చెబుతున్నాను. పార్కింగు వెతుక్కుంటూ ఒక లేను మారాం, చూస్తే బ్రిడ్జి మీదున్నాం. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. కెనడా చెక్‌పోస్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పాం. రానివ్వలేదని ఒక కాగితం చేతిలో పెట్టి వెనక్కి పంపారు. అమెరికా వైపు ఆఫీసరు మొదట అడిగింది ఐ-20, అంటే విద్యార్థులకి కాలేజీ ఇచ్చే పత్రం. నాది బ్యాగులో ఉంది. వాడిది అపార్టుమెంటులో, ఏడు గంటల దూరంలో. కంప్యూటర్లో వివరాలు సరిచూసి వదిలేసేసరికి రెండు గంటలు దాటింది. అంతసేపూ వాడు ఒక్క మాట మాట్లాడలేదు, చేతులు మాత్రం ఒణుకుతూనే ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, సరిహద్దు ఊళ్లకి వెళ్తుంటే దాటే ఉద్దేశం లేకపోయినా పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ప్రింటు వెంట ఉంచుకోండి. డెట్రాయిట్, బఫలో, సియాటిల్ దగ్గర బ్లెయిన్, ఎక్కడైనా ఇదే మాట.

ఇక మనవాళ్లని బాగా తికమక పెట్టేది స్టాంపింగు, అంటే కాన్సులేటులో పాస్‌పోర్టుకి వీసా వేయించుకోవడం. పాస్‌పోర్టులో అతికించిన వీసా దేశంలోకి రావడానికి. వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. వీసా గడువు తీరినా, ఐ-94 చెల్లుతూ స్టేటస్ సరిగ్గా ఉంటే ఇక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు. బయటికి వెళ్లి రావాలంటేనే కొత్త స్టాంపింగు కావాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగొస్తే, వీసా గడువు తీరినా చెల్లే ఐ-94తో లోపలికి రావచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకి ప్రయాణానికి కాలేజీ పెట్టే ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20, హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్లకి ఐ-797 అనే ఆమోద పత్రం కూడా ఉండాలి. అయితే అక్కడున్నప్పుడు అమెరికా వీసాకి దరఖాస్తు పెట్టారో, ఈ వెసులుబాటు పోయినట్టే. పైగా 2025 సెప్టెంబరు నుంచి స్టాంపింగుకి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో వెళ్లమంటున్నారు. కెనడాలో వీసా ఇంటర్వ్యూ స్లాటు దొరికిందని ఎవరైనా ఊరిస్తే తొందరపడకండి. మెక్సికో సంగతి కూడా గుర్తుంచుకోండి: చెల్లే అమెరికా వీసా ఉంటే వాళ్ల వీసా అక్కర్లేదు, గడువు తీరితే కావాలి.

ఈ ఆటోమేటిక్ రీవాలిడేషన్ రూలు విమానాశ్రయం చెకిన్ కౌంటర్లలో అందరికీ తెలియదు. కెనడాలోని వాంకూవర్‌లో ఒకామె గడువు తీరిన నా వీసా పేజీ చూసి బోర్డింగ్ పాస్ ఇవ్వనంది. రూలు ప్రింటు తీసి చూపిస్తే సూపర్‌వైజర్ని పిలిచింది. ఆయన చదివి, సరేనన్నాడు. ఆ ప్రింటు లేకపోతే నా విమానం పోయేదే.

ఇండియా టికెట్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి, ఏ ఊరి మీదుగా వెళ్తుందో చూడండి. వీసా గడువు తీరి ఇంటికి వెళ్తున్నవాళ్లని లండన్‌లో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడగొచ్చు. దుబాయ్, దోహా, అబుదాబిల్లో ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోనంతవరకు ఆ గొడవ లేదు. తిరిగొచ్చేటప్పుడు అబుదాబిలో ఇంకో సంగతి: అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఇక్కడ దిగాక లోకల్ విమానం దిగినట్టు నేరుగా బయటికి రావచ్చు. ఆ తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి మధ్యలో మూడు గంటలైనా ఉండేలా చూసుకోండి. అమ్మానాన్నలు మొదటిసారి వస్తుంటే నేనైతే ఈ దారే చెబుతాను.

దిగిన వారంలోపు ఐ-94 ఆన్‌లైన్లో తీసి చూసుకోండి. కనబడకపోతే ఇంటిపేరు, పేరు తారుమారు చేసి వెతకండి, మనవాళ్ల పేర్లతో ఇది మామూలే. హెచ్-1బి వాళ్లు తేదీ తప్పకుండా చూడాలి. పాస్‌పోర్టు గడువు ముందే తీరుతుంటే ఐ-94 కూడా ఆ తేదీకే కుదించి ఇస్తుంటారు, చాలామంది గమనించరు. పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకున్నాక పాతది బీరువాలో పెట్టేయకండి. వీసా అందులోనే ఉంటే ప్రయాణంలో రెండూ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. ఆ పెట్టె చేతికొచ్చేది సాధారణంగా ఇమిగ్రేషన్ దాటాకే.